లాల్గుడి జయరామన్

లాల్గుడి జయరామన్ (సెప్టెంబరు 17, 1930 - ఏప్రిల్ 22, 2013) సుప్రసిద్ధ కర్ణాటక సంగీత వాయులీన విద్వాంసుడు, వాగ్గేయకారుడు. ఎం.ఎస్.గోపాలకృష్ణన్, టి.ఎన్.కృష్ణన్‌లతో పాటు ఈయనను వయొలిన్ త్రయంలో ఒకనిగా పేర్కొంటారు. వాద్యం మీద పాటలోని మాట సైతం వినిపించేలా వాయించే పద్ధతి ఈయన పేరుమీదనే "లాల్గుడి బాణీ"గా ప్రసిద్ధి చెందింది. ఈయన మాతృభాష తమిళం. అయినప్పటికీ తమిళంతో పాటు తెలుగులోనూ వర్ణాలు రచించాడు.

వంశం, శిక్షణ

లాల్గుడి తమిళనాడులో తిరుచిరాపల్లికి సమీపంలో ఉన్న ఊరు. ఈ ఊరికీ తెలుగు సాహిత్యానికీ పాత సంబంధం ఉంది. త్యాగరాజు శిష్యులలో లాల్గుడి రామయ్యర్ ఒకడు. ఆయన ఆహ్వానంపై త్యాగరాజు ఈ ఊరికి వచ్చి, ఇక్కడి సప్తర్షీశ్వరునిపైనా ప్రవృద్ధ శ్రీమతి అమ్మవారిపైనా ఐదు కీర్తనలు రచించాడని చెబుతారు. తోడి, కాంభోజి, భైరవి, కళ్యాణి, మధ్యమావతి రాగాలలోని ఈ ఐదింటినీ లాల్గుడి పంచరత్నాలు అంటారు. (ఘనరాగ పంచరత్నాలు వేరు, విద్యార్థులు ఈ రెంటినీ ఒకటిగా భావించరాదు.) జయరామన్ ఆ రామయ్యర్ వంశీయుడు.

తండ్రి వి.ఆర్.గోపాలయ్యర్ స్వయంగా విద్వాంసుడు, కుమారునికి గురువు. పన్నెండేళ్ళ ప్రాయంలోనే జయరామన్ పక్కవాద్య కళాకారునిగా కచేరీలలో ప్రవేశించాడు.

పక్కవాద్యం

కర్ణాటక సంగీతంలో వయొలిన్ స్థానం విచిత్రమైనది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు, తంజావూరు సోదరులలో ఒకడైన వడివేలు దీనిని మన సంగీతానికి అలవాటు చేశారు. తరువాత ఇది లేనిదే గాత్ర కచేరీ జరగని స్థితి వచ్చింది. అయినా వయొలిన్ విద్వాంసుడు చాలాకాలం గాయకుని పక్కన కూర్చున్నవాడే. గాయకుడు ఏ రాగం ఎత్తుకుంటాడో, ఏ పాదం దగ్గర నెరవు చేస్తాడో, ఏ ఎడుపులో స్వరం వేస్తాడో అతనికి ముందుగా తెలియదు. వినీ వినగానే అనుసరించాలి. ఆలాపనలో నీడవలె వెంబడించాలి. తనవంతు వచ్చినపుడు గాయకుని ఆలోచనను చెరపకుండా దానికి కొంత చేర్చాలి. మించకూడదు, తగ్గకూడదు.

ఈ కష్టమైన విద్యలో జయరామన్ అరియక్కుడి రామానుజయ్యంగార్, చెంబై వైద్యనాథ భాగవతార్, శెమ్మంగుడి శ్రీనివాసయ్యర్, జి.ఎన్.బాలసుబ్రహ్మణ్యం, మదురై మణి అయ్యర్ వంటి ఉద్దండులకు సహకరించాడు. వీరందరి పద్ధతులూ వేరువేరు. జి.ఎన్.బి. బిర్కాలతో వేగంగా పోతాడు. అరియక్కుడి మధ్యమకాలంలో పొందికగా నడుస్తాడు. మణి అయ్యర్ సర్వలఘు స్వరాలకు పెట్టింది పేరు. వీరి పక్కన కూర్చున్న ఏళ్ళే జయరామన్‌కు పెద్ద పాఠశాల అని చెప్పవచ్చు. అనంతరకాలంలో ఈయన రచనలలో కనిపించే నడకల వైవిధ్యానికి మూలం ఇక్కడే వెదకాలి.

వయొలిన్‌ను ప్రధానవాద్యంగా నిలిపినవారిలో మన ద్వారం వెంకటస్వామి నాయుడు (1893-1964) అగ్రగణ్యుడు. ఆ తరువాతి తరంలో జయరామన్ ఆ మార్గాన్ని విస్తరించాడు. 1966లో వేణు విద్వాంసుడు ఎన్.రమణి, వీణ విద్వాంసుడు తిరువనంతపురం ఆర్.వెంకటరామన్‌లతో కలిసి వయొలిన్-వేణు-వీణ కచేరీలు ప్రారంభించాడు. అంతకు ముందు 1965లో ఎడిన్‌బరో ఉత్సవంలో ఈయన వాదనం విన్న యెహూదీ మెనూహిన్ ముగ్ధుడై, ఇటలీలో తయారైన వయొలిన్ ఒకటి బహూకరించాడు.

లాల్గుడి బాణీ

ఈ బాణీకి ప్రాణం సాహిత్యం. వయొలిన్ స్వరాన్ని పలుకుతుంది గాని అక్షరాన్ని పలకలేదు. అయితే కమాను ఎక్కడ మళ్ళించాలి, ఎక్కడ ఒత్తాలి, ఎక్కడ ఆపాలి అన్నది వాదకుని చేతిలో ఉంది. ఉదాహరణకు "పరమాత్మ" అన్న మాటను తీసుకుందాం. "పర" దగ్గర కమాను తిప్పి "మాత్మ" అని వాయిస్తే స్వరం తప్పదు గాని మాట విరుగుతుంది. "అమ్మ" అన్నపుడు ద్విత్వం దగ్గర చిన్న ఒత్తు లేకపోతే అది "అమ" అయిపోతుంది. దీర్ఘాక్షరాన్ని ఒకే కమానులో సాగదీయాలి. కృతి తెలిసిన శ్రోతకు, ఇన్ని జాగ్రత్తలతో వాయించినపుడు, పదాలు మనసులో వాటంతట అవే వినిపిస్తాయి.

త్యాగరాజ కృతులు తెలుగు కనుక, ఈ పద్ధతిలో వాయించడానికి తెలుగు పదవిభజన తెలిసి ఉండాలి. గాయకులే పదాలను విరిచి పాడే సందర్భాలు తెలుగు శ్రోతలకు కొత్తకాదు. అటువంటిది, నోటితో పలకని వాద్యం మీద తమిళుడైన విద్వాంసుడు తెలుగు మాటకు ఇంత విలువ ఇవ్వడం విశేషం.

రచనలు

వాద్యకారులు తిల్లానాలు, స్వరజతులు రచించడం సాధారణమే. జయరామన్ స్వరంతో పాటు సాహిత్యం కూడా కూర్చాడు. ఈయన తాన వర్ణాలలో వలజి రాగంలోని "చలము సేయ", నళినకాంతి రాగంలోని "నీవే గతియని" తెలుగు రచనలు. "చలము" అంటే మొండిపట్టు. ఈ మాట నేటి వాడుకలో అరుదు గాని, నాటకురంజిలోని "చలమేల" వర్ణం నేర్చినవారికి సుపరిచితమే. అనగా పూర్వపు వర్ణాలలోని నాయిక భాషనే ఈయన ఇరవయ్యవ శతాబ్దంలో కొనసాగించాడు. రాగం మాత్రం కొత్తగా ఎన్నుకున్నాడు. వలజిలో రిషభ, మధ్యమాలు ఉండవు. ఐదు స్వరాల రాగంలో వర్ణం నడపడం, విసుగు పుట్టకుండా చిట్టస్వరాలు కూర్చడం సులభం కాదు. నేడు ఈ వర్ణం కచేరీల ఆరంభంలో తరచు వినవస్తుంది.

పదవర్ణాలు నాట్యానికి ఉద్దేశించినవి. వీటిలో స్వరాలకు కూడా సాహిత్యం ఉంటుంది. చారుకేశి రాగంలోని "ఇన్నుం ఎన్ మనం" (తమిళం) భరతనాట్య ప్రదర్శనలలో అత్యంత ప్రచారం పొందింది. నీలాంబరి వంటి జోలపాటల రాగంలోనూ ఒక పదవర్ణం ఉంది. మదుర మీనాక్షిపై రచించిన నవరస పదవర్ణం తొమ్మిది రసాలకు తొమ్మిది రాగాల మాలిక.

ఈయనకు అన్నిటికన్నా ఎక్కువ పేరు తెచ్చినవి తిల్లానాలు. మోహనకళ్యాణి తిల్లానా తెలియని నాట్య విద్యార్థి ఉండడంటే అతిశయోక్తి కాదు. వాసంతి, ద్విజావంతి, దేశ్, తిలంగ్, పహాడి, భీంప్లాస్ మొదలైన రాగాలలోనూ తిల్లానాలు ఉన్నాయి. హిందూస్తానీ ఛాయలు కల రాగాలు వీటిలో అధికం. తిల్లానాలో లయ లెక్కలు ముందుకు వచ్చి రాగం వెనుకబడే ప్రమాదం ఉంది. ఈయన రచనలలో లెక్క ఉన్నా అది పాట లోపల దాగి ఉంటుంది. వినేవారికి రాగమే ముందు తోస్తుంది. కీర్తనలు కూడా రచించాడు గాని వర్ణ, తిల్లానాలకు వచ్చినంత వ్యాప్తి వాటికి రాలేదు.

"జయ జయ దేవి" అనే నృత్యరూపకాన్ని 1994లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ప్రదర్శించారు. దేవదాసి జీవితం ఇతివృత్తంగా వచ్చిన తమిళ చిత్రం "శృంగారం"కు సంగీతం సమకూర్చి, 2005 చిత్రాలకు గాను జాతీయ ఉత్తమ సంగీత దర్శకుని పురస్కారం పొందాడు. అప్పటికి ఆయన డెబ్బయి ఏళ్ళు దాటినవాడు.

పురస్కారాలు, శిష్యులు

పద్మశ్రీ (1972), సంగీత నాటక అకాడమీ పురస్కారం (1979), పద్మభూషణ్ (2001) ముఖ్యమైనవి.

కుమారుడు జి.జె.ఆర్.కృష్ణన్, కుమార్తె లాల్గుడి విజయలక్ష్మి వయొలిన్ విద్వాంసులు. తండ్రితో కలిసి ఇద్దరూ అనేక కచేరీలు చేశారు. శిష్యులలో విఠల్ రామమూర్తి వయొలిన్ విద్వాంసుడు. బాంబే జయశ్రీ, సాకేతరామన్ గాయకులు. విశాఖా హరి హరికథా విద్వాంసురాలు. వయొలిన్ గురువు వద్ద గాత్రం నేర్చినవారు ఇందరు ఉండటం గమనించదగినది. పైన చెప్పిన సాహిత్య నిష్ఠే ఇందుకు కారణం కావచ్చు. వీరిలో బాంబే జయశ్రీ 2023 సంవత్సరానికి మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదుకు ఎంపికైంది.

జయరామన్ 2013 ఏప్రిల్ 22న చెన్నైలో మరణించాడు.