క్రూరమృగం, పంటదొంగ: నల్లమల అంచు జిల్లాలలో వన్యప్రాణి వధ – నైతిక విచారణ

వ్యాససంగ్రహం:
మందలపై పడే చిరుత, తోడేలు ఒకవైపు, చేలను తవ్విపోసే అడవిపంది మరొకవైపు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంత గ్రామీణ జీవనాన్ని ప్రభావితం చేస్తున్నాయి. వీటిని చంపడం ఎప్పుడు సమర్థనీయమన్న ప్రశ్నను చరిత్ర, చట్టం, నీతిశాస్త్రాల దృష్టితో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒక జాతికి తగిలించిన ‘హానికరం’ అనే ముద్ర వధకు నైతిక ఆధారం కాజాలదని, చంపే అధికారాన్ని తనవద్ద ఉంచుకొన్న రాజ్యం నష్టభారాన్ని కూడా వహించాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వేట, హానికర జంతువు, అడవిపంది, అమ్రాబాద్, చెంచులు, పర్యావరణ నీతి.

1. ఉపోద్ఘాతం:
పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి 2016 అక్టోబర్ 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ, వేరుశనగ పండే మెట్టభూములు, గొర్రెల మందలు తిరిగే బీళ్లు, నల్లమల అడవి ఈ ప్రాంతపు ముఖ్యలక్షణాలు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాలలో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం పూర్వం నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో భాగం. 2014 రాష్ట్ర విభజనానంతరం అది వేరైంది. అడవికీ చేనుకూ నడుమ గోడ లేదు. కనుక ఇక్కడ వన్యప్రాణి ప్రశ్న నిత్యజీవన సమస్య.

2. వేట – వినోదమా, జీవికా?:
భారతీయ సంప్రదాయం మృగయను సప్తవ్యసనాలలో ఒకటిగా గణించింది. అదే సమయంలో రాజుకు వేటహక్కును అంగీకరించింది. ఈ రెంటి నడుమనున్న ఘర్షణ మహాభారతం ఆదిపర్వంలో పాండురాజు, కిందమ ముని సంవాదంలో కనిపిస్తుంది. జింకను చంపినందుకు కాక, సంగమవేళ చంపినందుకు ముని రాజును తప్పుపడతాడు. వేటకు అనుమతి ఉన్నంతమాత్రాన వేటాడే తీరు ప్రశ్నకు అతీతం కాదన్న భావన ఇందులో స్పష్టం.

వలసపాలనలో ఈ వివేచన మరుగున పడింది. క్రూరమృగాలను నిర్మూలించవలసినవిగా భావించి ప్రభుత్వం తలకింత చొప్పున బహుమానం చెల్లించింది. 1875-1925 మధ్య 80,000కు పైగా పులులు, 1,50,000కు పైగా చిరుతలు, 2,00,000 తోడేళ్లు హతమయ్యాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా. నైజాం రాజ్యంలో అమ్రాబాద్ పీఠభూమిపైనున్న ఫరహాబాద్ పాలకుల వేటవిడిది. ఆ పీఠభూమిపైనే విల్లంబులతో ఆహారం కోసం వేటాడే చెంచుల జీవనాన్ని హైమెన్‌డార్ఫ్ 1940 ప్రాంతంలో అధ్యయనం చేసి, 1943లో గ్రంథంగా ప్రకటించాడు. ఒకే అడవిలో ఒకరికి వేట విలాసం, మరొకరికి జీవిక.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ రెంటికీ భేదం చూపలేదు. 2006 అటవీహక్కుల చట్టం సైతం సంప్రదాయ వేటహక్కును తన పరిధి నుండి స్పష్టంగా మినహాయించింది. అడవిని ఖాళీ చేసినది విలాసపు వేట, బహుమానపు వేట. నిషేధభారం అధికంగా పడినది చెంచులపైన. వన్యప్రాణి నీతిని చర్చించేటప్పుడు ఈ అసమానతను విస్మరించరాదు.

3. చట్టం చూపే విచక్షణ:
చట్టంలోని 11వ సెక్షన్ జంతువులను ఒకే గాటన కట్టదు. మొదటి షెడ్యూలులోని పులి, చిరుత, తోడేలు వంటివి మనిషి ప్రాణానికి ప్రమాదకరమైనప్పుడు, లేదా కోలుకోలేని వైకల్యం, వ్యాధి కలిగినప్పుడు మాత్రమే, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి లిఖితపూర్వక అనుమతితో వాటిని వేటాడవచ్చు. పట్టుకోవడానికీ, మత్తుమందిచ్చి తరలించడానికీ వీలులేదని నిర్ధారణ అయితేనే చంపడం. గొర్రెను ఎత్తుకుపోవడం ఇందుకు చాలిన కారణం కాదు. అడవిపంది ఉన్న రెండవ షెడ్యూలు విషయంలో మాత్రం ఆస్తికి, నిలిచిన పంటకు ముప్పు కూడా కారణం కాగలదు. ఆత్మరక్షణకై సద్బుద్ధితో చంపడం నేరం కాదు.

62వ సెక్షన్ ఇందుకు భిన్నమైనది. ఒక జాతినే నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత కాలానికి ‘వెర్మిన్’గా, అంటే హానికర జంతువుగా, ప్రకటించే అధికారాన్ని అది కేంద్రానికి ఇస్తుంది. 2015లో బిహార్‌లో నీల్‌గాయి, అడవిపందులను అలా ప్రకటించగా, 2016లో మొకామాలో రెండువందలకు పైగా నీల్‌గాయిలను కాల్చిచంపారు. కేరళ 2022లో వేరొక దారి పట్టి, అడవిపందుల విషయంలో అనుమతి అధికారాన్ని స్థానికసంస్థల అధ్యక్షులకు అప్పగించింది. మొదటి పద్ధతిలో నేరం జాతిది. రెండవదానిలో నిర్ణయం నష్టం జరిగిన చోట జరుగుతుంది.

4. నైతిక వాదాలు:
బాధను అనుభవించగల ప్రతి ప్రాణి ప్రయోజనాన్నీ సమానంగా లెక్కించాలని పీటర్ సింగర్ (1975), ప్రతి జంతువుకూ స్వతస్సిద్ధమైన విలువ ఉందని టామ్ రీగన్ (1983) వాదించారు. వీరి దృష్టి విడి ప్రాణిపై నిలుస్తుంది. ఆల్డో లియోపోల్డ్ (1949) దృష్టి సమాజంగా రూపొందిన ప్రకృతిపై ఉంది. తోడేళ్లను తుడిచిపెట్టిన కొండపై జింకలు పెచ్చుపెరిగి పచ్చదనాన్ని హరించడాన్ని అతడు గమనించాడు. 1926లో అహ్మదాబాద్‌లో పిచ్చికుక్కల వధపై వివాదం చెలరేగినప్పుడు, అహింసావాది అయిన గాంధీ ఆ వధను అనివార్యమని సమర్థించాడు. కుక్కలు దిక్కులేనివి కావడానికి సమాజపు బాధ్యతారాహిత్యమే మూలమని కూడా చెప్పాడు.

లియోపోల్డ్ పరిశీలన నల్లమల అంచుకు నేరుగా వర్తిస్తుంది. పులి, చిరుతలకు అడవిపంది ఆహారం. వేటమృగాన్ని నిర్మూలిస్తే పంటదొంగపైనున్న సహజమైన అదుపు సడలుతుంది. కాపరికి శత్రువైన చిరుత రైతుకు పరోక్షంగా మిత్రం. కనుక ‘హానికరం’ అన్నది జంతువు స్వభావంలో లేదు; ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు అన్న సంబంధంలో ఉంది.

5. పద్ధతి – భారం:
మంచెపై రాత్రంతా కాపలా కాసి, చేనుచుట్టూ పాతచీరలు కట్టి, అయినా వేరుశనగను పోగొట్టుకొన్న రైతుకు అహింసను బోధించడం సులభం. ఆ బోధన ఖర్చు బోధకునిది కాదు. అయితే నిస్సహాయతలో చేనుగట్టున పరిచే కరెంటుతీగ పందిని, పులిని, పశువును, తెల్లవారుజామున నీరు పెట్టవచ్చిన పొరుగురైతును వేరుచేసి చూడదు. ఉచ్చు, నాటుబాంబు కూడా అంతే. దోషిని గుర్తించని, బాధను పొడిగించే పద్ధతిని ఏ వాదమూ సమర్థించజాలదు.

వధను సమర్థించాలంటే మూడు ప్రశ్నలకు సమాధానం ఉండాలి. హాని నిజమైనదేనా, ఆ జంతువే చేసినదా? కంచె, పటిష్ఠమైన దొడ్డి, తరలింపు వంటి మార్గాలు ప్రయత్నించబడ్డాయా? పద్ధతి సత్వరమైనదేనా, ఇతర ప్రాణులకు ముప్పులేనిదేనా?

6. ముగింపు:
వ్యక్తి చేతిలోని వేటను రాజ్యం తీసివేసుకొన్నది. ఆ నిర్ణయం సమంజసమే. కాని రక్షించే బాధ్యత లేకుండా నిషేధించే అధికారం నైతికంగా అసంపూర్ణం. పరిహారం సకాలంలో, పట్టా లేని కౌలురైతుకూ సంచార కాపరికీ అందినప్పుడే అడవిని కాపాడుమని వారిని కోరే అర్హత సమాజానికి లభిస్తుంది. పులి బ్రతకడం దేశమంతటి కోరిక అయినప్పుడు దాని ధరను అడవి అంచు పల్లె ఒక్కటే చెల్లించడం ధర్మం కాదు.