వానాకాలానికి డోర్ వైజర్ పెట్టిస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

వానలు మొదలైతే లాలాగూడ, తార్నాక వైపు కార్ డెకార్ షాపుల్లో డోర్ వైజర్ల గురించి అడిగేవాళ్లు కనిపిస్తారు. అద్దం రెండు వేళ్లంత దించినా చినుకులు లోపలికి రావు, గాలి ఆడుతుంది. పిల్లలూ పెద్దలూ కలిసి వెళ్లే కుటుంబానికి పనికొచ్చే వస్తువే. కానీ సరిగ్గా అతకకపోతే మెయిన్ రోడ్డు మీద ఊడిపోయి వెనక వచ్చే బైక్ అతనికి తగలొచ్చు.

కొనేటప్పుడు మీ కారు మోడల్, తయారైన సంవత్సరం చెప్పండి. "అన్నిటికీ సరిపోతుంది భాయ్" అన్న ముక్క వద్దు. టేప్ తీయకముందే తలుపు మీద పెట్టి చూడండి. వంపు కలవాలి, సైడ్ మిర్రర్ కనపడటానికి అడ్డం రాకూడదు.

అతికించే పద్ధతి ఇదీ:

1. వాన పడుతుంటే ఈ పని పెట్టుకోకండి. తలుపు ఫ్రేమ్‌ను సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పాలిష్, మైనం జిడ్డు ఉంటే టేప్ పట్టదు.

2. టేప్ మీది కాగితాన్ని రెండు చివర్లా రెండంగుళాలే తీసి బయటికి మడవండి. వైజర్‌ను సరైన చోట పెట్టాక, మిగతాది మెల్లగా లాగేయండి.

3. మొత్తం పొడవునా బొటనవేలితో గట్టిగా నొక్కండి. ఈ టేప్ నొక్కితేనే పట్టుకుంటుంది.

4. 24 గంటల దాకా అద్దాలు దించకండి. మూడు రోజులు కారు కడగొద్దు. టేప్ పూర్తి పట్టు రావడానికి సుమారు 72 గంటలు పడుతుంది.

షాపులో దీంతోపాటు ముందు బంపర్‌కు బుల్ బార్ కూడా పెట్టించుకోమంటే ఒప్పుకోకండి. చాలామంది అది రక్షణ అనుకుంటారు, నిజానికి ఉల్టా. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త మోడళ్లలో ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. చాలా కార్లలో దాని సెన్సార్లు ముందు భాగంలోనే ఉంటాయి. ఇనుప బార్ దెబ్బను నేరుగా ఛాసిస్‌కు పంపిస్తే, ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోకపోవచ్చు. నడిచివెళ్లేవాళ్లకు తగిలితే గాయం ఇంకా పెద్దది.

అందుకే కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే బుల్ బార్‌ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇవి చెల్లవని చెప్పింది. 2019 సవరణతో మారిన 182ఎ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు ₹5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

మీ కారుకు ఇప్పటికే బుల్ బార్ ఉంటే, పిల్లలతో ఊరికి బయల్దేరే ముందే తీయించేయండి. ఎయిర్‌బ్యాగ్ పనిచేయాల్సింది మన ఇంటివాళ్ల కోసమే.