లోపాల చిట్టాకు సొంత సర్వర్: నెలకొల్పడంతోనే పని పూర్తికాదు

రాయ్‌పూర్‌లోని తెలీబంధా చెరువు గట్టున సాయంత్రం నడకకు వచ్చిన ఒకరి ఫోన్‌లో యాప్ ఉన్నట్టుండి ఆగిపోయిందనుకుందాం. ‘లోపం గురించి నివేదిక పంపాలా?’ అని తెరమీద ప్రశ్న వస్తుంది. పంపితే ఫోన్ మోడల్, ప్రోగ్రామ్ ఎక్కడ ఆగింది వంటి వివరాలతో పాటు, ఆ క్షణాన మెమరీలో ఉన్న వ్యక్తిగత సమాచారం కూడా ఒక్కోసారి వెళ్తుంది. మరి అది ఎవరి కంప్యూటర్‌కు చేరుతోంది?

ఈ ప్రశ్న వల్లనే కొన్ని సంస్థలు నివేదికలను బయటి సేవలకు అప్పగించకుండా సొంత సర్వర్‌లో ఉంచుకుంటాయి. 1998లో మొజిల్లా విడుదల చేసిన బగ్‌జిల్లా, 2011లో మొదలైన గిట్‌ల్యాబ్ ఇందుకు పనికివచ్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు. హైదరాబాద్‌కు చెందిన స్వేచ్ఛ సంస్థ గిట్‌ల్యాబ్‌ను సొంతంగానే నడుపుతోంది.

ఇలాంటి సర్వర్‌కు డేటాబేస్, వెబ్ సర్వర్, మెయిల్, భద్రతా ధ్రువపత్రం అన్నీ కుదురుకోవాలి. చేత్తో అమర్చితే, ఏడాది తర్వాత ఏ సెట్టింగ్ ఎందుకు మార్చారో చేసినవారికే గుర్తుండదు. 2012లో వచ్చిన ఆన్సిబుల్ వంటి సాధనాలు ఈ చిక్కును తీరుస్తాయి. ‘ఈ ప్యాకేజీ ఉండాలి, ఈ సేవ నడుస్తుండాలి’ అని కావలసిన స్థితిని ఒక ఫైల్‌లో రాస్తారు. సాధనం సర్వర్‌ను పరిశీలించి, లోటు ఉన్నచోటే మార్పు చేస్తుంది. సరిగ్గా రాసిన ఫైల్‌ను పదిసార్లు నడిపినా ఫలితం ఒక్కటే. యంత్రం పాడైతే, అదే ఫైల్‌తో కొత్తదాన్ని సిద్ధం చేసుకోవచ్చు.

అయితే ఆ ఫైల్ తిరిగి తెచ్చేది సాఫ్ట్‌వేర్‌నే, అందులో నమోదైన నివేదికలను కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ వెబ్ సేవలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫైళ్లనే తొలగించారు. రోజువారీ బ్యాకప్ వెర్షన్ల తేడా వల్ల అప్పటికే విఫలమవుతోంది. ఆ హెచ్చరిక మెయిళ్లు ఎవరికీ చేరలేదు. సుమారు ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన ఒక ప్రతి ఆదుకుంది. కోడ్ భద్రంగానే ఉన్నా, ఆ ఆరు గంటల్లో నమోదైన లోప నివేదికలు, వ్యాఖ్యలు పోయాయి. ఈ వివరాలను సంస్థే బహిరంగంగా ప్రకటించింది.

కాబట్టి సర్వర్‌ను నెలకొల్పే ఫైల్‌లోనే మరికొన్ని పనులు చేర్చాలి: బ్యాకప్‌ను రోజూ వేరే యంత్రానికి పంపడం, ఆ ప్రతితో ఖాళీ యంత్రంపై చిట్టాను అప్పుడప్పుడు తిరిగి నిలబెట్టి చూడడం, అవసరం తీరిన నివేదికలను గడువు ప్రకారం తొలగించడం. చెరువు గట్టున ‘పంపు’ నొక్కిన మనిషి ఇచ్చిన సమాచారానికి అప్పుడే రక్షణ.