గేటుకు తాళం పడ్డాక ఊరు చేయగలిగిన పని

యానాంలో 2012 జనవరి 27న జరిగిన దాన్ని గోదావరి జిల్లాల వాళ్లు ఇంకా మరిచిపోలేదు. రీజెన్సీ సిరామిక్స్ ఫ్యాక్టరీలో జీతాల కోసం, కాంట్రాక్టు కార్మికులను పర్మినెంటు చేయడం కోసం ఆందోళన నడుస్తున్న రోజులవి. ఆ ఉదయం పోలీసులకూ కార్మికులకూ ఘర్షణ జరిగింది, ఒక కార్మిక నాయకుడు చనిపోయాడు. వార్త తెలిసి ఆగ్రహించిన గుంపు ఫ్యాక్టరీకి నిప్పు పెట్టింది. కంపెనీ ప్రెసిడెంటు మీద ఆయన ఇంటి దగ్గరే దాడి జరిగి ఆయన ప్రాణం కూడా పోయింది. ఆ తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. 2011 జనాభా లెక్కల ప్రకారం యానాం మొత్తం జనం 55 వేల పైచిలుకు. అంత చిన్న ఊళ్లో, ఒక్క గేటు మీద ఆధారపడిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి.

ఆ రోజు తప్పు ఎవరిదన్న మాట చాలాకాలం నలిగింది. ఆ రెండు మరణాలూ జరగకూడనివి. కానీ మర్నాటి నుంచి ఆ వేల కుటుంబాలు ఏం చేయాలి, వాళ్లకు రావాల్సింది ఏమిటి, ఊరు వాళ్లను ఎలా నిలబెట్టాలి అన్న మాట మనం సరిగా మాట్లాడుకోలేదు. గోదావరి డెల్టాలో ఇలాంటి ఊళ్లు, ఇలాంటి గేట్లు ఇంకా ఉన్నాయి గనుక ఇప్పుడైనా మాట్లాడుకోవాలి.

ఒక మనిషి ఉద్యోగం పోవడానికీ, ఒకే రోజు ఊరంతటి ఉద్యోగాలు పోవడానికీ చాలా తేడా ఉంది. ఒక్కడి జీతం ఆగితే బావమరిదో, తోడల్లుడో, పక్కింటివాళ్లో ఆదుకుంటారు. ఆ బావమరిదీ, తోడల్లుడూ, పక్కింటివాళ్లూ అదే గేటులో పనిచేసేవాళ్లయితే అప్పు పుట్టే చోటే ఉండదు. అందరూ ఒకే నెలలో బంగారం తాకట్టు పెడతారు. ఒకరు చిట్టీ వాయిదా ఆపితే చిట్టీ మొత్తం కదిలిపోతుంది. డ్వాక్రా గ్రూపులో పదిమంది ఉంటే, అప్పు పదిమంది పూచీ మీద ఉంటుంది. ముగ్గురి ఇళ్లల్లో జీతం ఆగితే మిగిలిన ఏడుగురి మీద బరువు పడుతుంది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం నిండుతుంది, కొట్టువాడు హోల్‌సేల్ వాడికి బాకీ పడతాడు. గేటు ముందు టీ కొట్టు, షిఫ్టుకు తిప్పే ఆటో, అద్దె గదులు, ట్యూషన్లు... వీటిలో దేని పేరూ కంపెనీ రికార్డుల్లో ఉండదు, కానీ ఇవన్నీ ఆ జీతం మీదే నడిచేవి. ఇల్లు అమ్మి వెళ్లిపోదామన్నా కొనేవాడు ఉండడు, ఎందుకంటే అమ్మేవాళ్లందరూ ఒకేసారి బజారుకొచ్చారు.

దీన్ని ఒక ఊరు ఎలా ఎదుర్కొన్నదో చూడాలంటే అమెరికాలోని విల్మింగ్టన్ దగ్గరకు వెళ్లాలి. ఓహాయో రాష్ట్రంలో పన్నెండు వేల జనాభా ఉన్న చిన్న పట్నం అది. పక్కనే పాత వైమానిక స్థావరం. అది 1970ల మొదట్లో మూతపడ్డాక, 1980లో ఎయిర్‌బోర్న్ అనే సరుకు రవాణా కంపెనీ దాన్ని కొని తన కేంద్రంగా చేసుకుంది. రాత్రి పూట దేశం నలుమూలల నుంచి విమానాలు దిగేవి, కార్మికులు పార్సిళ్లను ఊళ్లవారీగా విడదీసేవాళ్లు, తెల్లారేలోపు అవే విమానాలు మళ్లీ ఎగిరేవి. ఊళ్లో చాలా కుటుంబాలకు రాత్రి షిఫ్టు అలవాటు. 2003లో డీహెచ్ఎల్ ఆ కంపెనీని కొన్నది. 2008 మే 28న, ఈ పనిని పోటీ కంపెనీ యూపీఎస్‌కు అప్పగించే ఆలోచన ఉందని ప్రకటించింది. నవంబరు 10న అమెరికా లోపలి పార్సిళ్ల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నానని చెప్పేసింది. ఆ పట్నంలోనూ చుట్టుపక్కలా దాదాపు 8 వేల ఉద్యోగాలు ఆ విమానాశ్రయం మీదే ఉండేవి.

ఆ ఊరి వాళ్లు చేసిన పనుల్లో కొన్ని మనకు కొత్తేమీ కాదు. చర్చిలు వంటశాలలు తెరిచాయి, సరుకులు పంచాయి. మన దగ్గర వరదలొస్తే గుళ్లూ, కమ్యూనిటీ హాళ్లూ, యువజన సంఘాలూ చేసేది అదే. మనం నేర్చుకోవాల్సినవి రెండు వేరే పనులు. మొదటిది, వాళ్లు మే నెల ప్రకటన దగ్గరే కదిలారు, తాళం పడేదాకా ఆగలేదు. మేయరు, కౌంటీ (జిల్లా లాంటిది) అధికారులు, కంపెనీల ప్రతినిధులు, ఉద్యోగుల తరఫు వాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. రెండోది, ఆ ఊళ్లోనే పెరిగి, అప్పుడే తిరిగొచ్చిన ఇద్దరు యువకులు తమ కౌంటీ పేరుతో ‘ఎనర్జైజ్ క్లింటన్ కౌంటీ’ అని ఒక సంస్థ పెట్టారు. ముందు మన ఊరి కొట్లోనే కొందాం అన్న ప్రచారం నడిపారు. బయట చదువుకున్న ఊరి పిల్లలకు కొంత స్టైపెండు ఇచ్చి, స్థానిక వ్యాపారాల్లో పనిచేయడానికి వెనక్కి పిలిచే పద్ధతి మొదలుపెట్టారు. చిన్న పనులే. కానీ ఊరు ఖాళీ కాకుండా ఆపడంలో చిన్న పనులకే విలువ.

అన్నిటికంటే పెద్ద విషయం ఆస్తి. ఆ విమానాశ్రయం కంపెనీ సొంతం. రన్‌వేలు, షెడ్లు, సార్టింగు యంత్రాలు అన్నీ దానివే. కంపెనీ వెళ్లిపోతూ దాన్ని తుక్కు వ్యాపారికి అమ్ముకుని ఉంటే ఆ కథ అక్కడితో ముగిసేది. ఊరి వాళ్లు, రాష్ట్రం వాళ్లు పట్టుబట్టారు. 2010లో ఆ విమానాశ్రయం క్లింటన్ కౌంటీ పోర్ట్ అథారిటీ అనే ప్రజా సంస్థ చేతికి ఉచితంగా వచ్చింది. 2015లో అమెజాన్ తన సరుకు విమానాలను అక్కడి నుంచే ప్రయోగాత్మకంగా నడపగలిగిందంటే ఆ రన్‌వే ఊరి చేతిలో మిగిలింది గనుకనే. అమెజాన్ తన పెద్ద కేంద్రాన్ని మాత్రం 2017లో సిన్సినాటి విమానాశ్రయానికి ప్రకటించింది. ఆ దెబ్బా విల్మింగ్టన్ తిన్నది. పోయిన ఉద్యోగాలన్నీ వెనక్కి రాలేదు. అయినా ఆ ఊరు బతికింది. విమానాలను మరమ్మతు చేసే పనులు, చిన్న కంపెనీలు అక్కడ ఉన్నాయి.

మన తెలుగు నేల మీద దీనికి దగ్గరగా నిలిచేది కాగజ్‌నగర్. నిజాం కాలంలో మొదలైన సిర్పూర్ పేపర్ మిల్లు 2014 సెప్టెంబరులో ఆగింది. నాలుగేళ్లు పొగగొట్టం చల్లగా ఉండిపోయింది. ఆ నాలుగేళ్లూ కార్మికులు దీక్షలు చేశారు, వినతిపత్రాలు ఇచ్చారు, కొందరు ఊరు వదిలారు. దివాలా చట్టం కింద కేసు కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లి, రాష్ట్ర ప్రభుత్వం రాయితీలు ఇవ్వడానికి ఒప్పుకొని, 2018లో జేకే పేపర్ మిల్లును తీసుకుంది. అక్కడ కూడా యంత్రాలు ముక్కలై అమ్ముడుపోకుండా ఒక్కచోట నిలవడమే మిల్లు మళ్లీ తిరగడానికి కారణం. యానాంలో ఆ అవకాశం తొలిరోజే చాలావరకు కాలిపోయింది. ఇంకో చిక్కు కూడా ఉంది: ఫ్యాక్టరీ పుదుచ్చేరి పాలన కింద, దాని మీద ఆధారపడ్డ చుట్టుపక్కల ఊళ్లు ఆంధ్రప్రదేశ్ పాలన కింద. ఎదుర్లంక వంతెన దాటితే కార్మిక శాఖ మారిపోతుంది. అలాంటి చోట ఎవరిని అడగాలో తేల్చుకోవడమే పెద్ద పని.

ఇక చట్టం సంగతి. ఇది విసుగనిపించినా ఓపికగా చదవాలి, ఎందుకంటే గేటు మూసిన వారం నుంచి డబ్బు తేడా ఇక్కడే వస్తుంది.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 300 మంది లేదా అంతకంటే ఎక్కువ కార్మికులున్న ఫ్యాక్టరీని మూయాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. పాత కేంద్ర చట్టంలో ఆ హద్దు 100. అంటే 250 మంది పనిచేసే చోట యజమాని అనుమతి అడగక్కర్లేదు. 60 రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు. అమెరికాలోనూ పెద్ద సంస్థలు మూసేముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలన్న చట్టం 1988 నుంచి ఉంది. ఆ అరవై రోజులే ఊరికి దొరికే గడువు. మూసివేత పరిహారం మామూలుగా పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం. కొత్త కోడ్‌లో మరొకటి చేరింది: రిట్రెంచ్ చేసిన, అంటే పనిలోంచి తీసేసిన కార్మికుడికి నైపుణ్య శిక్షణ నిధి కింద యజమాని మరో 15 రోజుల వేతనం కట్టాలి, అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి.

కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళితే పేపరులో ప్రకటన వస్తుంది, బాకీదారులు తమ క్లెయిములు దాఖలు చేయాలని. ఆ ప్రకటన బ్యాంకులకే అనుకుని చాలామంది కార్మికులు పేజీ తిప్పేస్తారు. అది వాళ్లకు కూడా. ప్రతి కార్మికుడు ఫారం డి ఇవ్వొచ్చు. యూనియన్ ప్రతినిధి అందరి తరఫునా ఫారం ఇ ఇవ్వొచ్చు. కంపెనీ చివరికి లిక్విడేషన్‌కు పోతే, కార్మికులకు రావాల్సిన 24 నెలల బాకీ తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతో సమాన వరుసలో ఉంటుంది. పీఎఫ్, గ్రాట్యుటీ నిధుల్లో ఉన్న సొమ్మును అప్పులవాళ్లు ముట్టుకోకూడదు. కానీ క్లెయిమ్ పెట్టనివాడి పేరు జాబితాలో ఉండదు.

ఈఎస్ఐ ఉన్నవాళ్లకు రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన అని ఒకటి ఉంది. ఫ్యాక్టరీ మూతపడో, రిట్రెంచ్‌మెంట్ వల్లో ఉద్యోగం పోతే, నిర్ణీత కాలం చందా కట్టి ఉంటే, మొదటి ఏడాది వేతనంలో సగం, రెండో ఏడాది పావు వంతు ఇస్తుంది. ఆ కాలంలో వైద్యం కూడా అందుతుంది. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 2018లో వచ్చింది. అది 90 రోజుల వరకు ఇచ్చే భృతి. ఊళ్లో ఎంతమందికి ఈ రెండు పేర్లు తెలుసో కార్మికుల మధ్యకు వెళ్లి అడిగితే బాధ కలుగుతుంది.

ఈ లెక్కలన్నిటికీ బయట ఉండిపోయేవాళ్లు కాంట్రాక్టు కార్మికులు. యానాంలో గొడవ మూలాల్లో వాళ్ల సమస్య కూడా ఉంది. జీతం కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమానే ఇవ్వాలని చట్టం చెబుతుంది. ఆచరణలో గుర్తింపు కార్డు లేని మనిషి తాను ఆ ఫ్యాక్టరీలో పనిచేశానని రుజువు చేసుకోవడమే కష్టం. డెల్టాలో ఈ మాట ఎక్కువగా వర్తించేది రొయ్యల ప్లాంట్లకు. భీమవరం, కాకినాడ చుట్టూ రొయ్య తల తీసి, ఒలిచి, గ్రేడింగు చేసే పనిలో ఉన్నవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు. మన రొయ్యకు పెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు చెరువు గట్టు మీద రైతుకు ధర ఎంత తగ్గిందన్నది పత్రికల్లో వచ్చింది, రావాలి కూడా. అదే ప్లాంటులో షిఫ్టు తగ్గిన మనిషికి ఎన్ని రోజుల కూలి పోయిందన్నది ఎక్కడా లెక్కలోకి రాలేదు. వాళ్లను ఆ ప్లాంటు తన మనుషులుగా రాసుకోలేదు గనుక. నా దృష్టిలో డెల్టాకు రాబోయే ప్రమాదం ఒక్క గేటుకు తాళం పడటం కాదు, ఇలా శబ్దం లేకుండా షిఫ్టులు తగ్గిపోవడం. దానికి నోటీసు ఉండదు, పరిహారం ఉండదు, పేపరులో ఫొటో ఉండదు.

మరి ఊరు చేయగలిగింది ఏమిటి? మనకు విల్మింగ్టన్‌లో లేని ఒక బలం ఉంది: డ్వాక్రా గ్రూపులు, వాటి మీద గ్రామైక్య సంఘాలు, పట్నాల్లో మెప్మా సమాఖ్యలు. ఏ ఇంట్లో జీతం ఆగిందో, ఏ గ్రూపు వాయిదా కట్టలేకపోతోందో వాళ్లకు వారంలో తెలుస్తుంది. ఆ సమాచారం పట్టుకుని సమాఖ్య బ్యాంకు దగ్గరకు వెళ్లి మొత్తం ఊరి వాయిదాలను ఒకేసారి వెనక్కి జరపమని అడిగితే మేనేజరు వినక తప్పదు. ఒక్కో ఇంటివాళ్లు విడిగా వెళ్లి అడిగితే వినడు. చిట్టీ నడిపేవాళ్లూ, కిరాణా వర్తక సంఘమూ, ప్రైవేటు స్కూళ్ల యాజమాన్యాలూ సమాఖ్యతో పాటు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఫీజులు రెండు నెలలు వెనక్కి జరగడం కంటే పిల్లలు స్కూలు మానేయడం వాళ్లకే ఎక్కువ నష్టం.

అలాంటి బల్ల ముందే ఎందుకు ఉండాలో రాజమండ్రిని చూస్తే తెలుస్తుంది. అక్కడ 1924 నాటి కర్ణాటిక్ పేపర్ మిల్లుకు వారసురాలిగా నడుస్తున్న ఆంధ్ర పేపర్‌లో 2024 ఏప్రిల్‌లో సమ్మె, దాని వెంటే లాకౌట్ వచ్చాయి. కొద్ది రోజుల్లోనే తాళం తీశారు. వందేళ్ల మిల్లు ఉన్న నగరంలో ఆ కొద్ది రోజులైనా కార్పొరేషను, యూనియన్లు, వర్తకులు, బ్యాంకులు కలిసి కూర్చునే ఒక శాశ్వత వేదిక ఉండాలన్న ఆలోచన పుట్టి ఉండాల్సింది. ఇప్పటికీ పుట్టొచ్చు. కౌన్సిల్లో ఒక తీర్మానం చాలు దానికి.

ఈ వ్యాసం చదువుతున్న మీరు ఏ ప్లాంటులోనైనా, మిల్లులోనైనా పనిచేస్తుంటే ఈ వారంలోనే మూడు కాగితాలు ఇంట్లో పెట్టుకోండి: నియామక పత్రం లేదా గుర్తింపు కార్డు, చివరి ఆరు నెలల జీతం చీటీలు, మీ ఈఎస్ఐ, పీఎఫ్ నంబర్లున్న పత్రం. కాంట్రాక్టరు అవి ఇవ్వనంటే ఒంటరిగా అడగకండి, పదిమంది కలిసి అడగండి. కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి.