వార్తల్లో పదం: కమాండ్ కంట్రోల్ సెంటర్

ఊరంతటి సీసీ కెమెరాలు, సిగ్నళ్లను ఒకేచోట నుంచి చూస్తూ ట్రాఫిక్ నడిపించే గదే కమాండ్ కంట్రోల్ సెంటర్. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టు 4న ప్రారంభమైన పోలీసు కేంద్రం ఈ కోవలోదే. గది కాదు, ఏకంగా టవర్లే కట్టారు.

గది కొలతలు గోడమీది పెద్ద తెరతో మొదలవుతాయి. వెనక వరుస ఆపరేటరుకూ తెరమీది అక్షరం ఆనాలి, ముందువాళ్ల మెడ పట్టేయకూడదు. అందుకే వెనక బల్లలను మెట్టు ఎత్తున వేస్తారు. కేబుళ్ల కోసం అసలు నేలపైన జానెడో మూరెడో ఎత్తున పలకల నేల పరుస్తారు. సర్వర్లకు వేరే గది, వేరే ఏసీ. కరెంటు పోతే యూపీఎస్, ఆపైన జనరేటర్.

పెడన నుంచి బెజవాడ వెళ్లిన బండి సిగ్నల్ దాటితే చలానా ఇంటికొచ్చేది ఇలాంటి ఏర్పాటుతోనే. 1977 ఉప్పెన చూసిన మన పెడన వైపు తీరంలో ఇలాంటి కేంద్రం కడితే మాత్రం, నీళ్లు చేరకుండా సర్వర్లు, జనరేటర్ కింది అంతస్తులో ఉండకూడదు.