రోమం లోపలి రైలుబండి

చెరువు నీళ్లలో బతికే క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవలానికి ముందువైపు రెండు కశాభాలుంటాయి. వాటిని తెంపేస్తే గంటన్నరకల్లా మళ్లీ మొలుచుకొస్తాయి. జోయెల్ రోజెన్‌బామ్ 1960ల నుంచీ ఈ మొలకనే పట్టుకుని కూర్చున్నారు. రేడియోధార్మిక గుర్తు వేసి చూస్తే కొత్త సరుకు ఎక్కువగా కశాభం మొదట్లో కాక కొసన చేరుతోంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ప్రోటీన్లు తయారయ్యేది కణం లోపల. కశాభంలో రైబోసోములు లేవు కాబట్టి అక్కడికక్కడ ఏదీ తయారు కాదు. మరి పావు మైక్రాన్ వెడల్పున్న ఆ సన్నని గొట్టంలో పది, పన్నెండు మైక్రాన్ల దూరం సరుకు మోసేదెవరు?

జవాబు 1993లో యేల్ విశ్వవిద్యాలయంలో కంటికి కనిపించింది. రోజెన్‌బామ్ దగ్గర పరిశోధన చేస్తున్న కీత్ కొజ్మిన్‌స్కీ మైక్రోస్కోపు కింద కశాభాలను వీడియో తీశారు. పైపొరకూ లోపలి నాళికలకూ మధ్య చిన్న చిన్న ఉబ్బులు ఆగకుండా అటూ ఇటూ నడుస్తున్నాయి. కొసవైపు పోయేవి సెకనుకు సుమారు 2 మైక్రాన్లు, తిరిగొచ్చేవి సుమారు 3.5 మైక్రాన్లు. కశాభం ఆడడానికీ వీటికీ సంబంధం లేదు. కశాభాలు చచ్చుబడిన కణాల్లోనూ రాకపోకలు సాగుతూనే ఉన్నాయి. దీనికి ఇంట్రాఫ్లాజెల్లార్ ట్రాన్స్‌పోర్ట్ అని పేరు పెట్టారు, పొట్టిగా ఐఎఫ్‌టీ. ఆ ఉబ్బులను ఈ రంగంలో వాళ్లు రైళ్లనే అంటారు. నేనూ ఆ మాటే వాడుకుంటాను.

ఇంజన్లు త్వరగానే దొరికాయి. పోయేటప్పుడు లాగేది కైనెసిన్-2. ఆ మోటారులో ఒక భాగం వేడికి చెడిపోయే రకం కణాలను తీసుకుని ఉష్ణోగ్రత పెంచితే రైళ్లు ఆగిపోయాయి, కశాభాలు కుంచించుకుపోయాయి. ఇది చిన్న సంగతి కాదు. కశాభం కొస నిత్యం ఊడుతూనే ఉంటుందనీ, రైళ్లు నిత్యం పూడుస్తూనే ఉండాలనీ దాంతో తేలింది. వచ్చేటప్పుడు లాగేది డైనీన్-2. గ్రెగరీ పజూర్, జార్జ్ విట్‌మన్ బృందం 1998, 1999లలో చేసిన ప్రయోగాల్లో అది చెడిపోయిన కణాల కశాభాలు పొట్టిగా మిగిలి, తిరిగిరాని సరుకుతో ఉబ్బిపోయాయి.

1998లోనే డగ్లస్ కోల్ తదితరులు పెట్టెలను విడదీశారు. అవి ఎ, బి అని రెండు సంక్లిష్టాలు. ఇప్పటి లెక్కలో ఎ లో 6 ప్రోటీన్లు, బి లో 16. పేర్లు పెట్టడంలో మాత్రం ఎవరూ కష్టపడలేదు. ప్రోటీను బరువు ఎన్ని కిలోడాల్టన్లో ఆ అంకెనే పేరు చేశారు. ఐఎఫ్‌టీ88, ఐఎఫ్‌టీ52, ఐఎఫ్‌టీ172 అని చదువుతుంటే నాకైతే రైలు నంబర్ల పట్టికే గుర్తొస్తుంది.

ఇంతవరకూ ఇది నాచు కథే. మన ఒంట్లోకి ఇది వచ్చింది ఒక ఎలుక వల్ల. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో జన్యువు చెదిరిన ఒక ఎలుక జాతికి మూత్రపిండాల నిండా నీటితిత్తులు వచ్చేవి. చెదిరిన జన్యువేదో 1994 నాటికే తెలుసు, అది చేసే పని మాత్రం తెలియదు. పజూర్, విట్‌మన్, కోల్, రోజెన్‌బామ్ కలిసి 2000లో నాచులోని ఐఎఫ్‌టీ88 వరుసను పోల్చి చూస్తే, దాని జతగా తేలింది ఈ ఎలుక జన్యువే. ఎలుక మూత్రపిండాలను తెరిచి చూశారు. నాళాల లోపలి కణాల మీద శైలికలు, అంటే కశాభం లాంటి నిర్మాణమే ఉన్న సన్నని రోమాలు, ఉండాల్సినంత పొడవు లేవు.

ఆ శైలికలు ఎన్నాళ్లో ఎవరికీ పట్టనివి. శ్వాసనాళంలో కఫాన్ని పైకి నెట్టేవి కదులుతాయి కాబట్టి వాటికి గౌరవం ఉండేది. మన కణాల్లో చాలావాటి మీద ఒక్కొక్కటిగా, కదలక మెదలక, కొన్ని మైక్రాన్ల పొడవున నిలబడి ఉండే రకాన్ని 1898లో త్సిమ్మర్‌మన్ వర్ణించాడు. ఆ తర్వాత దాదాపు శతాబ్దం పాటు చాలామంది దాన్ని పరిణామంలో మిగిలిపోయిన అవశేషంగానే చూశారు. 2003లో న్యూయార్క్‌లో కాథరిన్ ఆండర్సన్ బృందం ఐఎఫ్‌టీ ప్రోటీన్లు లేని ఎలుక పిండాల్లో హెడ్జ్‌హాగ్ సంకేతం తప్పుతోందని చూపించింది. వేళ్లు ఎన్ని రావాలో, వెన్నుపాములో ఏ కణం ఏదవ్వాలో చెప్పే సంకేతమది. ఇక అవశేషం అన్న మాట చెల్లలేదు.

ఇంజనూ పెట్టెలూ తెలిసినంత మాత్రాన రైలు తెలిసినట్టు కాదు. పెట్టెకు పెట్టె ఎక్కడ తగిలించారు, ఇంజను ఏ పెట్టెను పట్టుకుంది, ఏ కొక్కెం ఎప్పుడు ఊడుతుంది అన్నదే అసలు విషయం. క్షీరదాల కణాల్లో ఈ కొక్కేలను ఓపిగ్గా వెతికిన వాళ్లలో క్యోటో విశ్వవిద్యాలయంలోని కాజుహిసా నకయామా, యోహెయి కటో బృందం ముందుంటుంది. వాళ్ల పద్ధతి చూస్తే ఇంత సులువా అనిపిస్తుంది. ఒక ప్రోటీనుకు ఆకుపచ్చగా వెలిగే తోకనూ, ఇంకోదానికి ఎర్రగా వెలిగే తోకనూ జన్యువు స్థాయిలోనే తగిలిస్తారు. రెండూ తయారైన కణాలను చితక్కొట్టి, ఆకుపచ్చ తోకను మాత్రమే పట్టే సూక్ష్మ పూసలు వేస్తారు. పూసలను కడిగి మైక్రోస్కోపు కింద పెడతారు. పూస ఎర్రగా కూడా వెలిగిందా, ఆ రెండు ప్రోటీన్లూ చేయి పట్టుకున్నట్టే. ఒకటి, రెండు కాకుండా మూడు, నాలుగు ఉంటేనే కుదిరే పట్లను కూడా ఇలాగే పట్టుకున్నారు.

2016లో ఆ పూసలు చెప్పింది ఇది. బి సంక్లిష్టం ఒకే ముద్ద కాదు. 10 ప్రోటీన్ల గట్టి భాగం ఒకటి, 6 ప్రోటీన్ల అంచు భాగం ఒకటి. రెంటినీ కలిపే కొక్కెం నాలుగు ప్రోటీన్లది. గట్టి భాగం నుంచి ఐఎఫ్‌టీ52, ఐఎఫ్‌టీ88, అంచు భాగం నుంచి ఐఎఫ్‌టీ38, ఐఎఫ్‌టీ57. ఓక్ రిడ్జ్ ఎలుకలో చెదిరిన ఐఎఫ్‌టీ88 సరిగ్గా ఈ కీలు మీదే కూర్చుంది. 2018లో ఇంకో సంగతి బయటపడింది. కైనెసిన్-2 ఇంజను బండిని పట్టుకునేది కూడా ఈ నాలుగింటి జట్టునే. ఆ పట్టును చెడగొడితే శైలిక సరిగ్గా మొలవదు.

నన్నడిగితే ఈ యంత్రంలో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు తిరుగు ప్రయాణానిది. డైనీన్-2 మోటారు కొసన తయారుగా ఉండదు, దాన్నీ మొదటి నుంచే తీసుకెళ్లాలి. దారిలోనే అది పని మొదలుపెడితే రెండు ఇంజన్లు ఎదురెదురు లాగి బండి కదలదు. గాయా పిజినో బృందం 2018లో నాచు రైళ్లను గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూస్తే, డైనీన్ తనలోకి తాను ముడుచుకుని, పట్టాల నుంచి కాళ్లు పక్కకు తిప్పుకుని, పెట్టెల మీద సరుకులా పోతోంది. కొస చేరాక విప్పుకుంటుంది. క్షీరదాల్లో ఆ డైనీన్‌ను బి సంక్లిష్టంలోని ఐఎఫ్‌టీ54 తదితర ప్రోటీన్లు ఒకటికి మించిన చోట్ల పట్టుకుంటాయని క్యోటో వాళ్లే చూపించారు. ఎదురెదురు రైళ్లు గుద్దుకోకపోవడానికి కారణం 2016లోనే తెలిసింది. శైలికలోని తొమ్మిది పట్టాలూ జంట నాళికలు. నాచులో పోయే రైళ్లు జంటలో ఒక నాళిక మీద, వచ్చేవి రెండోదాని మీద నడుస్తాయి.

ఎ సంక్లిష్టం ప్రధానంగా తిరుగు ప్రయాణానికే అనుకునేవాళ్లు. అది ద్వారపాలన కూడా చేస్తుంది. టీయూఎల్‌పీ3 అనే సహాయక ప్రోటీను దాన్ని పట్టుకుని, పొరలో ఇమిడే రకరకాల గ్రాహకాలను లోపలికి ఎక్కిస్తుంది. పని ముగిసిన గ్రాహకాలను బయటికి తెచ్చేది 8 ప్రోటీన్ల బీబీసోమ్. అందులో ఏ ఒక్కటి చెడినా చూపు తగ్గడం, ఊబకాయం, అదనపు వేళ్లు కలిసి వచ్చే బార్డెట్-బీడెల్ సిండ్రోమ్ రావచ్చు.

రద్దీ అంటే ఏమిటో కంటిలో చూడాలి. రెటీనాలో వెలుగును పట్టే దండకణం బయటి భాగం నిజానికి రూపం మారిన శైలికే. దానిలోని పొరల దొంతరలో సుమారు పదో వంతు రోజూ కొత్తది కావాలి. ఆ సరుకంతా ఒక సన్నని మెడ గుండా పోవాలి. ఎలుక దండకణాల్లో కైనెసిన్-2లోని కేఐఎఫ్3ఎ ఒక్కదాన్ని తీసేస్తే వెలుగును పసిగట్టే ఆప్సిన్ మెడ ఇవతలే పేరుకుపోయి కణాలు చచ్చిపోయాయని 2000లో తేలింది.

అయితే రోగుల్లో ఈ యంత్రం ఇలా పూర్తిగా ఆగిపోవడం అరుదు. ఆగిపోతే పిండమే నిలవదు. టోక్యోలో హిరోకావా బృందం 1998లో కైనెసిన్-2లోనే ఇంకో భాగమైన కేఐఎఫ్3బి లేని ఎలుకలను చూసింది. గుండె ఏ పక్కకు తిరగాలో నిర్ణయించే శైలికలే మొలవక, ఆ పిండాలు గర్భంలోనే పోయాయి. పుట్టి బతికే పిల్లల్లో చెడేది సాధారణంగా ఏదో ఒక పట్టు, అదీ కొంతవరకే. పుర్రె, పక్కటెముకలు, పళ్లు, వెంట్రుకలు దెబ్బతినే సెన్సెన్‌బ్రెన్నర్ సిండ్రోమ్‌కు ఐఎఫ్‌టీ122 మార్పులు ఒక కారణం. క్యోటోలో మనిషి రెటీనా నుంచి తీసిన కణాల్లో ఆ జన్యువును కత్తిరించి, రోగుల్లో కనిపించిన మార్పులున్న రకాన్ని తిరిగి పెట్టారు. శైలిక మొలిచింది. పైకి చూస్తే లోపమేమీ లేదు. లోపల మాత్రం సరుకు రవాణా తేడాగా ఉంది.