డాబా మీద డిష్షుకి తుప్పు పడుతోందా?

ఊరగాయ జాడీకి వాసెన గుడ్డ కట్టమని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. చెమ్మ తగిలితే ఏమవుతుందో తెలుసు. కానీ డాబా మీద ఎండకీ వానకీ నిలబడి ఉన్న డిష్ యాంటెన్నా సంగతి, టీవీలో బొమ్మ పోయిన రోజున గాని గుర్తుకు రాదు.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలాంటి ఊళ్లలో ఈ బాధ మరీ ఎక్కువ. సముద్రపు గాలిలోని ఉప్పు బోల్టుల మీద చేరి, ముసురు రోజుల్లో మన ఉప్పు డబ్బాలాగే తేమను లాక్కుంటుంది. ఇక తుప్పు పట్టక ఏమవుతుంది?

ముందు ఒక తేడా తెలుసుకోండి. జోరువానలో బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోతే కంగారు పడనక్కర్లేదు. ఉపగ్రహం నుంచి వచ్చే తరంగాలను వాన చినుకులు మింగేస్తాయి, వాన తగ్గగానే బొమ్మ వచ్చేస్తుంది. వాన వెలిసి ఎండ కాసినా రాలేదంటే మాత్రం కేబుల్ చివర బిగించిన కనెక్టర్‌ని అనుమానించండి. దాని సందులోంచి దిగిన నీటిని, కేబుల్ లోపలి అల్లిక తీగ దీపం వత్తి నూనె పీల్చినట్టు లోపలికి పీల్చుకుంటుంది. ఒలిచి చూస్తే రాగి తీగ నల్లగానో పచ్చగానో ఉంటుంది. చింతపండు పెట్టి తోమడానికి అదేం రాగిచెంబు కాదు గదా! మెరిసే రాగి కనిపించేదాకా కోసేసి, కొత్త కనెక్టర్ వేయించాల్సిందే.

మెకానిక్ వచ్చినప్పుడు పక్కన నిలబడి చేయించుకోండి. మామూలు నల్ల టేపు మన ఎండలకి జిగురు కారి ఊడిపోతుంది. సాగదీసి చుడితే తనలో తానే అతుక్కుపోయే రబ్బరు టేపు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. దాన్ని కింది నుంచి పైకి చుట్టాలి, పెంకుటింటి పెంకుల్లా పై చుట్టు కింది చుట్టుని కప్పేలా. సిలికాన్ పూస్తానంటే ఒకసారి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే వద్దనండి, ఆ పులుపు రాగిని తినేస్తుంది. న్యూట్రల్ రకం అడగండి. కేబుల్ గోడలోకి వెళ్లే చోట కిందికి చిన్న వంపు వదిలితే నీళ్లు అక్కడే బొట్లుగా కారిపోతాయి.

డిష్షు ముందుండే చిన్న పెట్టెకి కొందరు పాలిథిన్ కవరు బిగించి కడతారు. లోపల ఆవిరి పట్టి చెమ్మ చేరడం తప్ప లాభం లేదు. కాళ్లకి, బోల్టులకి తుప్పు కనిపిస్తే గరుకు కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆపైన పెయింటు వేయించండి. డిష్షు ముందువైపు మాత్రం మెరిసే పెయింటు వద్దు. ఎండ వేడినంతా ఆ చిన్న పెట్టె మీదకే పోగు చేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: యాంటెన్నా పైపుకి దండెం కట్టకండి. తడి చీరల బరువుకి డిష్షు కాస్త పక్కకి తిరిగినా సిగ్నల్ పోతుంది. అది పోతే పోయింది. తుప్పు పట్టిన పైపు విరిగి కరెంటు తీగ మీద పడినా, పాత సర్వీసు వైరు పైపుకి ఒరుసుకున్నా, ఆ ఇనప తీగ మీద తడిబట్ట ఆరేసే చెయ్యి మనదే! ఇనప తీగ దండేలకి షాక్ కొట్టి ఇల్లాళ్లు చనిపోయిన వార్తలు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. దండేనికి వేరే కర్రలు పాతి నైలాను తాడు కట్టించండి. పైపు ఒరిగి తీగకి తగిలితే దగ్గరికి పోకుండా, పిల్లల్ని పోనివ్వకుండా 1912కి ఫోన్ చేయండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ వాళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు డిష్షు బాగున్నా టీవీ రాదు కాబట్టి, తీరం ఊళ్లలో బ్యాటరీ రేడియో ఒకటి ఇంట్లో ఉండాల్సిందే. తుపాను కబురు తెలియగానే, గాలి మొదలవకముందే డిష్షు బోల్టులు బిగించమనండి. ఉరుములు వినిపించాక మేడ ఎక్కనివ్వకండి. వాటికి ముందే టీవీ ప్లగ్గు, సెట్‌టాప్ బాక్సు ప్లగ్గు, వెనక ఉన్న డిష్షు కేబుల్ మూడూ తీసేయండి.